ఒక్కరికే పట్టే గది

“ఒక్కరికే పట్టే గది ఎవరు అద్దెకు తీసుకుంటారు? ఒక్కరే ఉండదలచుకున్నవాళ్ళు. ఇందులో నాకు అర్థం కానిదేముందో చెప్పు!”

కంచం ముందు కూర్చుని మాస్టారు ఇలా అడగడం ఇది నాలుగోసారి. కంచంలో అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది. నిన్న సాయంత్రం కూతురు గొడుగు కోసం తల్లి సంచిలో చెయ్యి పెడితే దొరికిన అద్దె ఒప్పందం కాగితం నీళ్ళ జగ్గు కింద ఉంది. ఎగిరిపోకుండా జగ్గు పెట్టింది ఆయనే. ఫ్యాను గాలికి దాని అంచు రెపరెపలాడుతోంది.

భార్య కూర గిన్నె ఆయన వైపు జరిపింది. ఆయన దాన్ని తిరిగి ఆమె వైపు నెట్టాడు. ఇరవై ఆరేళ్ళ కాపురంలో వాళ్ళు గిన్నెలతో మాట్లాడుకోవడం కొత్తేమీ కాదు గానీ, ఈసారి గిన్నె బల్ల మధ్యలోనే ఆగిపోయింది.

“నాలుగు వేలమందికి కారు నేర్పినవాణ్ణి. వీధిలోకి వెళ్తే ఎవరో ఒకరు ‘మాస్టారూ, బాగున్నారా’ అని ఆపుతారు. వాళ్ళకి ఏమని చెప్పమంటావు? మా ఆవిడ పెట్టే సర్దుకుని ఊరి నడిమధ్యన గది తీసుకుందని చెప్పనా?”

“ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదండీ. ల్యాబుకి దగ్గర. అంతే.”

“ఇన్నేళ్ళూ లేని దూరం ఇప్పుడొచ్చిందా?”

ల్యాబంటే పళ్ళ ల్యాబు. ఊళ్ళో దంతవైద్యులు అచ్చు తీసి పంపిస్తే, దాన్ని బట్టి ఆమె కట్టుడు పళ్ళు తయారుచేస్తుంది. మైనంలో ఒక్కొక్క పన్నూ నిలబెట్టి, చిగుళ్ళు చెక్కి, మనిషి వయసుకి తగ్గట్టు కాస్త అరిగినట్టు కూడా చేస్తుంది. ఊళ్ళో పెద్దవాళ్ళు సగం మంది ఆమె చేసిన పళ్ళతోనే నవ్వుతున్నారు, ఆమె చేసిన పళ్ళతోనే కోడళ్ళ మీద పళ్ళు కొరుకుతున్నారు. వాళ్ళ ఇల్లు మాత్రం ఊరి చివర, బస్సు తొంగి చూడని కాలనీలో. ల్యాబుకి కారులో నలభై నిమిషాలు.

ఆ నలభై నిమిషాలే ఇప్పుడు ఆమె చేతిలో లేకుండా పోయాయి. ఆ సంగతి ఈ ఇంట్లో ఆమెకొక్కదానికే తెలుసు.

నెలన్నర కిందట ఒంటరిగా కారులో వెళ్తూ, ఎడమ పక్క ఆగి ఉన్న స్కూటరును పడగొట్టింది. దాని మీద మనిషి లేకపోవడం ఆమె అదృష్టం. ఎంత ఆలోచించినా ఆ స్కూటరును చూసినట్టే గుర్తు రాలేదు. కళ్ళడాక్టరు రెండు గంటలు పరీక్ష చేసి చెప్పాడు. “చూపు పక్కలనుంచి మూసుకొస్తోందమ్మా. ఎడమ పక్క చాలావరకు పోయింది. పోయింది రాదు. చుక్కల మందు మానకుండా వేసుకుంటే ఉన్నది నిలుస్తుంది. ఎదురుగా ఉన్నది మీకు బాగానే కనబడుతుంది, మీ పని మీరు చేసుకోవచ్చు. కారు మాత్రం ఇక ముట్టుకోకండి.”

అప్పటినుంచి ల్యాబులో పనిచేసే ఇంకొకామె ఆమెను వీధి చివర తన కారులో ఎక్కించుకుంటోంది; పెట్రోలు ఖర్చు కలిసొస్తుందని ఇంట్లో చెప్పుకుంది. ఆ ఇంకొకామె ఈ నెలాఖరుకి ఉద్యోగం మానేస్తోంది. ఆ తరవాత ల్యాబుకి వెళ్ళే దారి లేదు.

అయితే ఆ ముక్కేదో మొగుడితో చెప్పొచ్చు కదా అని మనకు అనిపిస్తుంది. అలా అనిపించేవాళ్ళు ఒకసారి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్న అత్తగారిని చూడాలి. నాలుగేళ్ళ కిందట ఆవిడ స్నానాలగదిలో జారింది. ఎముక విరగలేదు, మణికట్టు వాచింది. ఆ సాయంత్రమే కొడుకు చేతులున్న కుర్చీ ఒకటి కొనుక్కొచ్చి కిటికీ పక్కన వేశాడు. మందులు చేతికిస్తాడు, పండు ఒలిచి పెడతాడు, పేపరు చదివి వినిపిస్తాడు. లేవబోతే మాత్రం “పడితే?” అంటాడు. ఆ ఒక్క మాటతో ఆవిడ గేటు దాటి నాలుగేళ్ళయింది. ఆయనకి ప్రేమ లేదని ఎవరూ అనలేరు. ఆయన ప్రేమ ముందుగా బ్రేకు మీద కాలు వేస్తుంది.

“నాతో కూడా చెప్పలేదు,” అంది కూతురు. పొద్దుటినుంచీ ఆ పిల్ల ముఖం మాడ్చుకునే ఉంది. బీమా ఆఫీసులో ఉద్యోగం, రోజంతా ఇతరుల ప్రమాదాలు చదివి తలనొప్పి తెచ్చుకుంటుంది. “నాన్న ఏం చేశాడని? కొట్టాడా, తిట్టాడా? విడాకులు కావాలంటే నోటితో చెప్పు. దొంగతనంగా గది చూసుకోవడం ఏమిటి?”

విడాకులు అన్న మాట బల్ల మీద పడింది. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు.

“అన్నం ముందు ఆ మాటలేమిటే?” అని కిటికీ దగ్గరనుంచి అత్తగారు కసిరింది. “ఒరేయ్, గది కళ్ళతో చూడకుండా గంటనుంచి గోల చేస్తున్నావు. వెళ్ళి చూసి రా. ఆ ఇంటావిడ సాయంత్రం నాలుగింటికి రమ్మందని కాగితం వెనకే రాసుందట కదా.”

అవును, రాసుంది. ఇంటావిడ రిటైరైన కోర్టు టైపిస్టు. కిందటిసారి అద్దెకున్న పిల్ల ఇంట్లో చెప్పకుండా వచ్చిందట. అన్నదమ్ములొచ్చి తలుపు విరగ్గొట్టారట. అందుకని ఈసారి ఇంటి మనిషి ఒకరు తోడొచ్చి, మాకు సమ్మతమేనని సంతకం పెడితేనే తాళం ఇస్తానంది. నాలుగు దాటితే ఇంకొకరికి ఇచ్చేస్తుంది.

మాస్టారు చెయ్యి కడుక్కున్నాడు. తినని చేతిని అంతసేపు కడుక్కోవడం ఆమె చూస్తూ కూర్చుంది.

“సరే, పద,” అన్నాడు తువ్వాలు విసిరేసి. తన డ్రైవింగ్ స్కూలు కారు తాళాలు తీసి బల్ల మీద ఆమె ఎడమ పక్కన పెట్టాడు. “నువ్వే నడుపు. నీ రాజ్యానికి నన్ను నువ్వే తీసుకెళ్ళు.”

ఆమె జగ్గు కింది కాగితం తీసి మడిచింది.

“మీరు నడపండి. నాకు తలనొప్పిగా ఉంది.”

“ఇల్లు వదలడానికి అడ్డురాని తలనొప్పి కారు నడపడానికి అడ్డొచ్చిందా? నువ్వు నడిపితే వస్తాను. లేకపోతే సంతకం ఇంకెవరిచేతైనా పెట్టించుకో.”

గోడ గడియారం మూడు చూపిస్తోంది. ఆదివారం, రోడ్లు ఖాళీగా ఉంటాయి అనుకుంది. స్కూలు కారులో పక్క సీటు కింద కూడా బ్రేకు ఉంటుంది, ఆయన కాలు ఎలాగూ దాని మీదే ఉంటుంది అనుకుంది. చెయ్యకూడని పనికి మనిషి ఎన్ని సర్దుబాట్లు చేసుకుంటుందో అన్నీ చేసుకుని తాళాలు అందుకుంది. ఆ తప్పు ఆమెదే. దాన్ని ఎవరి మీదా తోసెయ్యడానికి లేదు.

అత్తగారు ఏదో అడగబోయి ఆగింది. కోడలు తాళాల కోసం బల్లంతా తడమడం ఆవిడ చూసింది.

కూతురు వెనక సీట్లో కూర్చుంది. కారు ఎక్కగానే మాస్టారు చెప్పులు విడిచి కాళ్ళు రెండూ సీటు మీదికి లాక్కుని బాసిపట్టు వేసుకున్నాడు.

“అదేమిటండీ?”

“ఈ రోజు నేను మాస్టారిని కాదు. ప్రయాణికుణ్ణి. నోరు మెదపను, కాలు కదపను. నీ ఇష్టం వచ్చినట్టు పోనియ్.”

చూసేవాళ్ళకు నవ్వొచ్చే దృశ్యమే. తలకి రంగు వేసుకున్న పెద్దమనిషి సీటు బెల్టు పెట్టుకుని మరీ బాసిపట్టు వేసుకుని అలిగి కూర్చున్నాడు. ఆమె మాత్రం నవ్వకుండా తాళం తిప్పింది.

కారు కదిలింది. ఆమె కాస్తకాస్త దూరానికే తలంతా ఎడమకు తిప్పి చూసి, మళ్ళీ ఎదురుగా చూసి, మళ్ళీ ఎడమకు తిప్పుతోంది. వెనక సీట్లోంచి కూతురు ఆ మెడనే చూస్తోంది.

“అద్దం ఉంది కదా, మెడెందుకు తిప్పుతున్నావ్?” అన్నాడు ఆయన. నోరు మెదపనన్న మాట అయిదు నిమిషాలు కూడా నిలవలేదు. “ఇంత నెమ్మదిగానా? వెనకవాళ్ళు తిట్టుకుంటారు.”

“తిట్టుకోనివ్వండి.”

“ఆ గదిలో ఎవరు వండుతారు?”

“నేనే.”

“ఎవరికి?”

ఆమె గేరు మార్చింది. ఆయన కిటికీ వైపు ముఖం తిప్పుకున్నాడు. ఆ ముఖంలో కోపంకంటే దెబ్బ తిన్న బాధే ఎక్కువగా ఉందని ఆమెకు తెలుసు. కారు ఆపి చెప్పేద్దామా అని మూడుసార్లు అనుకుంది. మూడుసార్లూ కిటికీ పక్క కుర్చీ కళ్ళముందుకొచ్చింది.

ఊరి నడిబొడ్డున రోడ్డు ఇరుకైంది. దుకాణాల ముందు జనం తిరుగుతున్నారు. ఎదురుగా రోడ్డు దాటే చోట తెల్ల చారలు. ఆమె తల కుడివైపు తిప్పి చూసింది, ఎవరూ లేరు. ఎదురుగా చూసింది, ఎవరూ లేరు.

“అమ్మా!”

కూతురు కేక చెవిలో పడి ఆమె కాలు బ్రేకును తొక్కింది. మాస్టారి కుడి కాలు కూడా గబుక్కున కిందికి దిగబోయింది గానీ, బాసిపట్టులో ఇరుక్కుని మోకాలు ముందున్న డ్యాష్‌బోర్డుకు గుద్దుకుంది. కారు కీచుమని ఆగింది. ముందు అద్దం అవతల, కారుకి జానెడు దూరంలో, పసిపిల్లను చిన్న చక్రాల బండిలో కూర్చోబెట్టుకుని ఒక తల్లి కొయ్యబారి నిలబడి ఉంది. ఎడమనుంచి వచ్చింది. ఎప్పుడు వచ్చిందో ఆమెకు తెలియదు.

ఆ తల్లికి ముందు ఊపిరి వచ్చింది, తరవాత కోపం వచ్చింది. కారు బానెట్ మీద అరచేత్తో కొట్టింది.

“కళ్ళు కనబడటంలేదా!”

ఎవరైనా అనే మాటే. ఆ మాటకి ఎవరూ జవాబు చెప్పరు. ఆమె కిటికీ అద్దం దించి జవాబు చెప్పింది.

“లేదమ్మా. నాకు ఎడమ పక్క కనబడదు. ఈ కారు నేను ఎక్కకుండా ఉండాల్సింది. తప్పు నాదే, క్షమించు.”

ఆ తల్లి పిల్లను ఎత్తి గుండెకి హత్తుకుని, ఖాళీ బండిని లాక్కుంటూ అవతలికి వెళ్ళిపోయింది.

ఇంట్లో నెలన్నర దాచిన మాట నడిరోడ్డు మీద ముక్కూ మొహం తెలియని మనిషికి చెప్పేసింది. కారులో ఇద్దరూ విన్నారు. వెనక హారన్లు మోగుతున్నాయి. మాస్టారు దిగి, చుట్టూ తిరిగి వచ్చి, ఆమెను పక్క సీట్లోకి జరగమని, కారు ఒక వారకు పెట్టాడు. ఇంజను ఆపాక కూడా స్టీరింగును వదల్లేదు.

“ఎప్పట్నుంచి?”

“తెలిసి నెలన్నర. పోవడం ఎప్పుడు మొదలైందో తెలియదు. రెండేళ్ళు కావచ్చన్నాడు డాక్టరు.”

“రెండేళ్ళా? పోయినేడాదంతా ప్రతి ఆదివారం నా పక్కన కూర్చుని నడిపావు కదా! ఒక్క గీత పడలేదు. నాకు తెలియకుండా ఉంటుందా? నాలుగు వేలమందిని చూసినవాణ్ణి, ఎవరి చూపు ఎక్కడుందో కూర్చున్న తీరుని బట్టి చెప్తాను...”

“నువ్వు బ్రేకు వేస్తూనే ఉన్నావు నాన్నా,” అంది కూతురు వెనకనుంచి. “ప్రతి ఆదివారం. ప్రతి మలుపులో. నేను వెనక కూర్చుని చూసేదాన్ని. అమ్మ నెమ్మదిగా నడుపుతోంది, బాగుపడింది అని నువ్వు మెచ్చుకునేవాడివి. ఆపింది నువ్వు.”

మాస్టారు తన కాళ్ళవైపు చూసుకున్నాడు. ముప్ఫయ్యేళ్ళుగా ఆ పక్క సీట్లో కూర్చున్న మనిషి. రెప్ప వేసినట్టే కాలు దానంతటదే పడుతుంది. ఎన్నిసార్లు పడిందో లెక్క ఉండదు. నేర్చుకోవడానికి వచ్చిన కొత్తవాళ్ళకైతే బ్రేకు వేసిన ప్రతిసారీ ఎందుకు వేశాడో చెప్తాడు. పెళ్ళాం పక్కన కూర్చుంటే చెప్పడానికేముంది?

“చెప్పాల్సింది నాకు,” అన్నాడు చివరికి. “ఊరందరికంటే ముందు నాకు చెప్పాల్సింది.”

“అవును. చెప్పాల్సింది.”

“సరే. అయిందేదో అయింది. ఇంక గదీ లేదు, గాడిదగుడ్డూ లేదు. ఇంటికి పద. ల్యాబుకి రేపు నేను ఫోన్ చేసి చెప్తాను. ఇన్నాళ్ళు చేసింది చాలు.”

ఇదే. ఆమె నెలన్నరగా భయపడింది అచ్చంగా ఈ మాటకే. ఎంత ప్రేమగా అన్నాడో! ఎంత సులువుగా అన్నాడో!

ఆమె తలుపు తెరిచి దిగింది.

“ఎక్కడికి?”

“నాలుగవడానికి పది నిమిషాలుంది. ఇక్కణ్ణుంచి నడిచి వెళ్ళొచ్చు. ఇక్కడ అన్నీ నడిచి వెళ్ళేంత దూరమే. అందుకే ఇక్కడ తీసుకున్నాను.”

ఆమె నడిచింది. మూడు వారాలుగా మధ్యాహ్నం భోజనం మానేసి నడిచిన దారి. గోడ ఎడమ చేతికి తగిలేలా నడిస్తే ఆ పక్కనుంచి ఎవరూ రారు. మందుల దుకాణం, కూరగాయల దుకాణం, చెప్పులు కుట్టే అతని గొడుగు, మలుపులో వేడి వేడి రొట్టె వాసన. సిగ్నలు దగ్గర ఒక నిమిషం ఆగితే అవతల కళ్ళ ఆస్పత్రి. అక్కణ్ణుంచి ఏడు నిమిషాల్లో ల్యాబు. ఆ వీధిలో ఆమె ఎవరికీ అడ్డు రాలేదు, ఎవరూ ఆమెకు అడ్డు రాలేదు. వెనక రెండు జతల చెప్పుల చప్పుడు వినబడింది. తిరిగి చూడలేదు.

గది రెండో అంతస్తులో. మెట్లకు కుడిపక్క పట్టుకోవడానికి కమ్మీ ఉంది. గదంతా కలిపి పట్టుమని పదిహేను అడుగులు లేదు. ఒక గోడకి పొయ్యి గట్టు, ఒక గోడకి మంచం పట్టే చోటు, మూల చిన్న స్నానాలగది, వీధి వైపు ఒక కిటికీ. ఏ వస్తువు కోసమైనా రెండు అడుగులు వేస్తే చాలు. ఇంటావిడ మడత బల్ల వేసుకుని, కాగితాలు అంచులు కలిపి పెట్టుకుని కూర్చుంది. కూతుర్ని ఎదురు కుర్చీలో కూర్చోమంది. ఆమె ఇంటావిడ పక్క కుర్చీలో కూర్చుంది.

“మీరేనా భర్త?” అంది ఇంటావిడ, తలుపు దగ్గర నిలబడ్డ ఆయన్ని చూసి. “లోపలికి రండి. మీకు అభ్యంతరమేమీ లేదు కదా?”

మాస్టారు లోపలికొచ్చాడు. పొయ్యి చూశాడు. కిటికీ చూశాడు. కిటికీ కింద ఎంత లోతుందో చూశాడు.

“ఉంది,” అన్నాడు. “ఈవిడకి చూపు సగం లేదు. పావుగంట కింద నేను చూశాను. ఒక్కతీ ఉన్నప్పుడు పొయ్యి దగ్గరో మెట్ల మీదో ఏమైనా అయితే మీరు జవాబు చెప్తారా అమ్మగారూ?”

ఇంటావిడ కలానికి మూత పెట్టింది. “ఈ సంగతి మీరు నాకు చెప్పలేదే,” అంది ఆమెతో.

“చెబితే ఇచ్చేవారా?”

కోర్టులో ముప్ఫయ్యేళ్ళు ఉన్నదున్నట్టు టైపు చేసిన మనిషి. అబద్ధం చెప్పలేదు. “ఇచ్చేదాన్ని కాదేమో.” కలాన్ని బల్ల మీద పెట్టి, “ఇప్పుడు కూడా, అన్నీ తెలిసి సంతకం పెట్టే ఇంటి మనిషి ఉంటే ఇస్తాను. లేకపోతే ఏమీ అనుకోకండి,” అంది.

“నేను పెడతాను,” అంది కూతురు.

అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది తల్లే.

“పెట్టు,” అన్నాడు మాస్టారు. “పెట్టి చూడు. రేపు మీ అమ్మ ఇక్కడ పడి, తలుపు తియ్యడానికి ఎవరూ లేకపోతే, ఆ సంతకం నీదే.”

కలం అందుకున్న పిల్ల చెయ్యి గాలిలో ఆగింది. బీమా ఆఫీసులో అలాంటి కాగితాలు ఎన్ని చదివిందో.

“దాన్ని భయపెట్టకండి,” అంది ఆమె. “మీరు అత్తయ్యని ఒక్క మాట అనలేదు. కళ్ళల్లో పెట్టుకుని చూసుకుంటున్నారు. ఆవిడ గేటు దాటి నాలుగేళ్ళయింది. మీకు తెలుసా, మీరు స్కూలుకి వెళ్ళాక ఆవిడ నా చెయ్యి పట్టుకుని గేటు దాకా వచ్చి, మీరు కంగారుపడతారని వెనక్కి తిరిగేది. నాకు నలభై తొమ్మిదేళ్ళు. ఎదురుగా ఉన్నది ఇంకా కనబడుతోంది. కనబడినన్నాళ్ళు నా పని నేను చేసుకుంటాను. మిమ్మల్ని వదిలి రావడంలేదు. ఆ కుర్చీలో కూర్చోలేక వస్తున్నాను.”

“చూసుకోవడం తప్పా?” అన్నాడు ఆయన. గొంతు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆమెకు సరిగ్గా తెలియలేదు. “పడకుండా పట్టుకోవడం కూడా తప్పేనా?”

కింద వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. ఇంటావిడ గడియారం వైపు చూసి, చూడనట్టు కళ్ళు దించుకుంది.

కూతురు కలం పట్టుకునే ముందుకు వంగింది. పొద్దుటినుంచీ బిగదీసుకున్న ముఖం ఇప్పుడు చిన్నపిల్ల ముఖంలా ఉంది.

“అమ్మా, ఇలా కూర్చుంటే నీకు ఎంతవరకు కనబడుతుంది?”

“నువ్వు మొత్తం కనబడుతున్నావు. నుదుటి మీద చెమట కూడా కనబడుతోంది. తుడుచుకో.”

“నాన్న?”

ఆమె తల తిప్పలేదు. తిప్పితే కనబడతాడు. అయినా అడిగింది కూతురు గనక ఉన్నదే చెప్పింది.

“ఇందాకటినుంచీ మీ నాన్న ఎక్కడ నిలబడ్డారో నాకు తెలియదమ్మా.”

ఆయన ఆమె ఎడమ భుజం పక్కనే, చెయ్యి చాపితే తగిలేంత దగ్గర నిలబడి ఉన్నాడు.

ఏమీ లేని ఆ పక్కనుంచి ఒక చెయ్యి ఆమె చూపులోకి వచ్చింది. మెల్లగా వచ్చి, బ్రేకు మీద కాలు పడినట్టే, కాగితం మీద సంతకం పెట్టాల్సిన చోటు కప్పేస్తూ వాలింది. కూతురు కలం పట్టుకుని ఎదురుచూస్తోంది. ఆ చెయ్యి కదల్లేదు.